ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ

1958 జనవరి 19, ఆదివారం

చిన్నోడు ఇవాళ గోలీ చొక్కాతో ఇంటికి వచ్చాడు. ఫుట్‌బాల్‌లో పోయిన ఆదివారం ముందు వరసలో ఆడాడు, అంతకు ముందు వెనకాల ఆడాడు. ఇవాళయితే ఒక్క ఆటలోనే మూడు చోట్ల నిలబెట్టారు. మొదట ఎడమ పక్కన, తర్వాత నడిమధ్యన. గోలు దగ్గర గోలీగా నిలబడే మల్లయ్యకు ఎండకు కళ్ళు తిరిగాయని చివరికి ఆ చొక్కా విప్పించి వీడికి తొడిగారు. తర్లుపాడు వాళ్ళ మీద గెలిచారు.

ఈ టీం ఉమామహేశ్వర్లు శెట్టిగారిది. పలకల గని ఆయనదే, మేము పలకలు రుద్దే షెడ్డూ ఆయనదే. అందరి ముందూ చిన్నోడి భుజం తట్టి, ఏబేలు ఒక్కడుంటే నాకు పదకొండు మంది ఉన్నట్టే అన్నారట. కొట్టు పేరు అచ్చేసిన ఈ డైరీ కూడా ఇచ్చారట. నాకు రాసేదేముందమ్మా, నువ్వు రాసుకో అని వాడు నా ఒళ్ళో పడేశాడు.

మిషన్ బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత పలకలు చేయడమే గాని రాయడం లేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. రానీ. చూసేవాళ్ళు ఎవరున్నారు.

పెద్దోణ్ణి కూడా శెట్టిగారు ఇట్లాగే అనేవారు. ఫిలేమోను ఉంటే నాకు నలుగురు కూలీలు ఉన్నట్టే అని.

ఆ సంగతి చిన్నోడితో అనలేదు. సంతోషంగా సంగటి తింటున్నాడు.

జనవరి 21

పని. రుద్దీ రుద్దీ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. వేరే ఏమీ లేదు.

జనవరి 23, గురువారం

ఇవాళ గనిలో పేల్చారు. సోమవారం, గురువారం పేలుస్తారు. పేలితే షెడ్డు రేకులు అదురుతాయి. మిగతా ఆడవాళ్ళు చెయ్యి ఆపరు. నాకు ఆగిపోతుంది.

పెద్దోడు పోయింది కూడా గురువారమే. అక్టోబరులో. వాడి పని రాయి చీల్చడం. పేలుడు మందు పెట్టే మనిషికి చలిజ్వరం వచ్చిందని, ఏ పని చెప్పినా మావాడు కాదనడని, వాణ్ణి తీసుకుపోయి వత్తి దగ్గర నిలబెట్టారు. ఒక్క రోజుకే అన్నారు. ఒక్క రోజే అయింది.

రాస్తే గుండె బరువు దిగుతుందని పాస్టరమ్మ చెప్పింది. రాసి చాలాసేపు కూర్చున్నాను. దిగలేదు.

జనవరి 26, ఆదివారం

ఆరాధన నుంచి వచ్చాక చిన్నోడు వాకిట్లో విరిగిన పలక ముక్కలు పరిచి నాకు ఆట చూపించాడు. గోలు దగ్గర ఒకడు. వాడి ముందు ఇద్దరు. ఆ ముందు ముగ్గురు. చివర ఐదుగురు. ఆ ముగ్గురిలో నడిమివాణ్ణి సెంటర్ హాఫ్ అంటారట. వెనక్కి పోయి ఆపేదీ వాడే, ముందుకు పోయి అందించేదీ వాడే. గుడిసె నడుమ కప్పును మోసే నిట్టాడు లాంటివాడు అని నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"మరి నీ చోటు ఏదిరా?" అన్నాను.

"నాకు చోటేందమ్మా. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ."

"నీకు ఇష్టమైంది ఏది?"

కాసేపు ముక్కలన్నీ చూశాడు. నడిమి ముక్క మీద వేలు పెట్టాడు. అక్కడే ఉండొచ్చు కదా అంటే నవ్వాడు. ఎవడో ఒకడు రాడట, ఎవడికో కాలు బెణుకుతుందట, వీడికి అన్నీ వచ్చు కాబట్టి అక్కడికి పొమ్మంటారట.

గాలివాన వచ్చినప్పుడు తలుపు ఊడిందని నిట్టాడు పీకి తలుపుకు అడ్డం పెడతారా అన్నాను. నిన్ను మేస్త్రీగా పెడితే బాగుంటుందని ఎగతాళి చేశాడు. వాడు అట్లా నవ్వి ఎన్నాళ్ళయిందో. పెద్దోడు పోయాక ఇంట్లో నవ్వు వినబడింది ఇవాళే.

ఫిబ్రవరి 2, ఆదివారం

మొదటిసారి ఆట చూడటానికి పోయాను. పక్కింటి గురవమ్మ లాక్కుపోయింది. మల్లయ్య ఆమె కొడుకే. ఆమెది షెడ్డులో పలకలకు చట్రాలు బిగించే పని. దోర్నాల వాళ్ళు వచ్చారు. రైల్వే కట్ట పక్కన గొర్లు మేసే బీడు, అదే మైదానం.

గురవమ్మ నోరు ఊరుకోదు. "బంతి ఒకటే, తన్నేటోళ్ళు ఇంతమంది. మనిషికొకటి కొనిస్తే ఈ కొట్లాట ఉండదు గదా వదినా" అంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

అందరూ బంతినే చూశారు. నేను చిన్నోణ్ణే చూశాను. అందుకే నాకు కనిపించింది. వాడు నడిమిలో ఉన్నంతసేపూ దోర్నాల వాళ్ళు ఇవతలికి రాలేకపోయారు. మేస్త్రీ రామసుబ్బయ్య గట్టు మీద నుంచి తువ్వాలు ఊపాడు. టీమును నడిపేదీ ఆయనే, గనిలో పని పంచేదీ ఆయనే. తువ్వాలు ఏ పక్కకు ఊపితే చిన్నోడు ఆ పక్కకు పోవాలి. ఎడమ పక్కకు పోయాడు. వెంటనే నడిమి నుంచి గోలు పడింది. మళ్ళీ నడిమికి వచ్చాడు, ఎడమ పక్క నుంచి ఇంకొకటి పడింది. చివరికి వాణ్ణి ముందుకు తోలారు, వాడే వరసగా మూడు కొట్టి గెలిపించాడు. భుజాల మీద మోశారు.

వాడు ఎక్కడి నుంచి లేస్తే అక్కడి నుంచే పడుతోంది. వాడు పూడ్చిన బొక్కలు అందరికీ కనపడతాయి. వాణ్ణి లేపితే పడిన బొక్కలు ఎవరికీ కనపడవు.

ఆట అయ్యాక రామసుబ్బయ్యతో ఈ మాటే మెల్లగా అన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గెలిచినాం గదా దీనమ్మా. గెలిచినాక తప్పేంది? నువ్వు పలకలు రుద్దు, టీం సంగతి నేను చూసుకుంటా."

ఫిబ్రవరి 4

చిన్నోణ్ణి గనిలోకి తీసుకున్నారు. ఇన్నాళ్ళూ పలకల బండి స్టేషనుకు తోలేవాడు. ఇప్పుడు బదిలీ మనిషి అన్నారు. ఎవరు పనికి రాకపోతే వాళ్ళ పని చేయాలి. నిన్న రాళ్ళు మోశాడు, ఇవాళ చీల్చే దగ్గర కూర్చున్నాడు. రేపు ఏదో రేపు తెలుస్తుంది.

మంచిదే. అన్ని పనులూ వస్తాయి. అన్ని పనులూ వచ్చినవాడికి అన్నానికి లోటుండదని వాళ్ళ నాయన అనేవాడు. ఆయన రాతి దుమ్ముకు దగ్గి దగ్గి పోయాడు.

మంచిదే.

ఫిబ్రవరి 6, గురువారం

పేలింది. చిన్నోడు నీళ్ళ పంపు దగ్గర ఉన్నాడట. వాడు అన్నం తెచ్చుకోలేదని సాకు పెట్టి పోయి చూసి వచ్చాను.

ఫిబ్రవరి 11

మందు పెట్టే మనిషి ఈ నెలాఖరుకు మానేస్తాడట. పెద్దోడు పోయాక పాత మనిషి మళ్ళీ పనికి రాకపోతే పుల్లలచెరువు వైపు నుంచి తెచ్చుకున్న మనిషి. కూతురి పెళ్ళి చేసుకుని అక్కడే సేద్యం చూసుకుంటాడట. కొత్త సర్కారు ఊరూరా బడులు పెడుతోందని, పలకలకు ఆర్డరు మీద ఆర్డరు వస్తోందని, పేల్చడం ఆపితే కుదరదని శెట్టిగారు అన్నారట. మరి వత్తి ఎవరు వెలిగిస్తారు అని షెడ్డులో ఎవరో అడిగారు. ఎవరో ఒకరు దొరుకుతారులే అన్నాడు రామసుబ్బయ్య.

ఎవరో ఒకరు. మా ఇంట్లోనే ఉన్నాడు ఆ ఎవరో ఒకరు. మందు మనిషి లేకపోతే బదిలీ మనిషినే పంపుతారు. అక్టోబరులో అట్లాగే పంపారు.

వాణ్ణి వత్తి దగ్గరికి పోనియ్యను. ఏం చేసయినా సరే.

ఫిబ్రవరి 16, ఆదివారం

దేవుడు ఒక దారి చూపించాడు. గిద్దలూరు నుంచి కోటేశ్వరరావు అనే ఆయన వచ్చాడు. రైల్వేలో గుమాస్తా. రైల్వే టీముకు ఆటగాళ్ళను వెతుకుతాడు. బాగా ఆడినవాణ్ణి అక్కడే కళాసీ ఉద్యోగంలో వేయిస్తాడట. రైల్వేలో అడుగు పెడితే ఇక గని మొహం చూడనక్కర్లేదు.

ఆట అయ్యాక చిన్నోణ్ణి పిలిచి నువ్వు ఏ ప్లేసు ఆడతావు అని అడిగాడు. నేను దగ్గరే ఉన్నాను.

"ఎక్కడ చెప్తే అక్కడ ఆడతాను సార్" అన్నాడు వీడు చేతులు కట్టుకుని.

ఏ పనైనా చేస్తాననడం మాలో మర్యాద. వాడు మర్యాదగానే చెప్పాడు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"అట్లాంటోడు ప్రతి టీంలో ఒకడుంటాడు అబ్బాయ్. నాకు కావాల్సింది సెంటర్ హాఫ్. వచ్చే నెల కంభం షీల్డు పోటీలు చూడ్డానికి వస్తా. ఆట మొదలు నుంచి చివరి దాకా ఒక్క చోట నిలబడి కనపడు. లేకపోతే పైవాళ్ళకు నీ పేరు పక్కన ఏమని రాసేది?"

ఫిబ్రవరి 18

శెట్టిగారి కొట్టుకు పోయాను. పెద్దోడు పోయినప్పుడు కూడా నేను ఆ మెట్లెక్కి ఏమీ అడగలేదు. ఇవాళ ఎక్కాను. కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. పెద్దోణ్ణి తలుచుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డ మనిషి కాదు.

మా పేటలో పెద్దలను అడిగేటప్పుడు ఫలానాది ఇవ్వండి అని పేరు పెట్టి అడగరు. పేరు పెడితే ఆజ్ఞ వేసినట్టుంటుంది, పెద్దరికానికి తక్కువ చేసినట్టుంటుంది. కష్టం చెప్పుకుని, మిగతాది మీ దయ అనాలి. మా అమ్మ అట్లాగే అడిగేది. నేనూ అట్లాగే అడిగాను. మావాణ్ణి ఆటలో గానీ గనిలో గానీ ఊరికే తిప్పకండయ్యా, ఏదో ఒక్క చోట కుదురుగా నిలపండి, ఎక్కడనేది మీ దయ అన్నాను.

ఆయన బాగా ఆలోచించారు. ఆటలో ఈ వారం నుంచే నడిమిలో నిలబెట్టిస్తానన్నారు. గనిలో కూడా షీల్డు అయిపోగానే వాడికి సొంత చోటు చూపిస్తానన్నారు. నా మాట దీనమ్మా అన్నారు.

మందు దగ్గర మాత్రం వద్దు అని నోటి దాకా వచ్చింది. అనలేదు. ఆయనకు లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందని అనలేదు. పెద్దోడు పోయిన చోటికి తమ్ముణ్ణి ఎవరు పంపుతారు. అంత మాత్రం తెలియదా ఆయనకు.

ఫిబ్రవరి 23, ఆదివారం

చిన్నోడు మొదటి నుంచి చివరి దాకా నడిమిలోనే. మనవాళ్ళు మూడు గోల్సు కొట్టారు, మన మీద ఒక్కటీ పడలేదు. వాడు ఒక్క గోలూ కొట్టలేదు. ఎవరూ వాణ్ణి భుజాల మీద మోయలేదు. గోలు కొట్టిన పిల్లలను మోశారు. వాడు అలసట లేకుండా ఇంటికి వచ్చి, ఆట ఇంత తేలికని నాకు తెలియదమ్మా అన్నాడు.

మల్లయ్య దగ్గరికి బంతే రాలేదని గురవమ్మ సణిగింది. నా కొడుకు గోలు కాడ గొర్రె కాపరి మాదిరి నిలబడినాడు వదినా అంది.

ఇవాళ కడుపు నిండా తిన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

పుల్లలచెరువు మనిషి ఇవాళ చివరిసారి పేల్చాడు. సాయంత్రం మూట కట్టుకుని పోతూ నా దగ్గర ఆగి, పోయొస్తానక్కా అన్నాడు.

మార్చి 2, ఆదివారం

కంభంలో సెమీ ఫైనలు. నేను పోలేదు. ప్రభువు దినాన ఆటలేమిటని పాస్టరుగారు ప్రసంగంలో మమ్మల్నే చూస్తూ అన్నారు. సాయంత్రం రైలు బండికి పిల్లలు పాటలు పాడుకుంటూ వచ్చారు. గెలిచారు. కోటేశ్వరరావుగారు వీడి పేరు, ఇంటి పేరు, వయసు అడిగి రాసుకున్నారట. ఫైనల్లో కూడా ఇట్లాగే నిలబడు, మిగతాది నేను చూసుకుంటా అన్నారట.

మార్చి 3, సోమవారం

పేలలేదు. రేకులు అదరలేదు. షెడ్డంతా కొత్తగా ఉంది.

మార్చి 6

ఇవాళా పేలలేదు. రాయి నిండుకుంటోందని రామసుబ్బయ్య అందరి మీదా అరుస్తున్నాడు.

మార్చి 9, ఆదివారం

కంభం పోయి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఎదుటి టీము నంద్యాల వాళ్ళు. కాళ్ళకు బూట్లున్నాయి. మనవాళ్ళకు వట్టి కాళ్ళు. అయినా మొదటి సగంలో మనవాళ్ళే ఒక గోలు కొట్టారు. చిన్నోడు నడిమిలో గోడ కట్టినట్టు నిలబడ్డాడు. వాళ్ళు ఎటు వచ్చినా వాడి దగ్గర ఆగిపోతున్నారు. కోటేశ్వరరావుగారు గొడుగు వేసుకుని అవతల గట్టున నిలబడ్డారు. ఆయన కూడా నాలాగే బంతిని కాకుండా వాణ్ణే చూస్తున్నారు.

రెండో సగంలో ఎక్కడో దూరం నుంచి ఒకడు కొట్టాడు. మల్లయ్య దూకి ఆపాడు గాని కుడి చేతి చూపుడు వేలు వెనక్కి విరిగింది. గురవమ్మ కేక పెట్టి మైదానంలోకి పరిగెత్తింది. పిల్లవాణ్ణి పక్కకు తెచ్చి గుడ్డ కట్టారు.

రామసుబ్బయ్య తువ్వాలు ఊపాడు. గోలు వైపు.

చిన్నోడు కదల్లేదు. మొదటిసారి వాడు కదలకపోవడం చూశాను. నా వైపు చూశాడు. నేను శెట్టిగారి వైపు చూశాను. శెట్టిగారు మేస్త్రీ వైపు చూశారు. మాట ఇచ్చినవాడు నోరు తెరుస్తాడని చూశాను. మేస్త్రీ మళ్ళీ ఊపాడు. చిన్నోడు పోయి గోలీ చొక్కా తొడుక్కున్నాడు.

ఎడమ పక్కన ఆడే పిల్లవాణ్ణి నడిమిలో నిలబెట్టారు. ఇంకేముంది, గట్టు తెగిన చెరువే. ఒకరి వెనక ఒకరు వచ్చి కొట్టారు. చిన్నోడు ఎన్ని ఆపాడో. జనం చప్పట్లు కొట్టారు. వాడు నడిమిలో ఉంటే అసలు అక్కడి దాకా రాని బంతులవి. రెండు ఆగలేదు. ఓడిపోయాం.

ఓడినా అందరూ ఏబేలునే మెచ్చుకున్నారు. కోటేశ్వరరావుగారు కూడా వచ్చి మెచ్చుకున్నారు. "బాగా పట్టినావు అబ్బాయ్. మాకు గోలీ ఉన్నాడు" అన్నారు. నంద్యాల టీంలో నడిమిన ఆడిన పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసుకుని స్టేషను వైపు పోయారు.

తిరుగు రైల్లో శెట్టిగారు చిన్నోణ్ణి తన పెట్టెలోకి పిలిపించుకుని మాట్లాడారు. వాడు తిరిగి వచ్చేటప్పటికి మొహం వెలిగిపోతోంది. ఏందిరా అంటే రేపు చెప్తానన్నాడు. నిద్ర వస్తోందని నా భుజం మీద తల పెట్టాడు. గురవమ్మ ఎదురుగా కొడుకు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తట్ట మోయలేడు, రాయి చీల్చలేడు, వీడికి ఎవరు పనిస్తారు, ఎట్లా గడుస్తుంది వదినా అని కంభం నుంచి మార్కాపురం దాకా ఏడుస్తూనే ఉంది.

మార్చి 10, సోమవారం

ఆటలో మీ అమ్మకిచ్చిన మాట పోయింది, గనిలో నిలబెట్టుకుంటా అన్నారట శెట్టిగారు. సొంత చోటు. బదిలీ కాదు, పర్మినెంటు.

మందు పెట్టే పని. వచ్చే సోమవారం నుంచి.

చిన్నోడు ఆ పని ఎట్లా చేయాలో నాకు చేతులు ఊపుతూ చెప్పాడు. ఈల వేస్తారట. అందరూ బండల వెనక్కి పోతారట. అప్పుడు ఒక్కడే మిగిలి వత్తులన్నీ అంటించి పరిగెత్తాలట.

"ఫుట్‌బాల్ ఆడినోణ్ణి. నా అంత ఉరుకు ఎవడికుందమ్మా? అన్నకు ఉరకడం రాదు, అంతే" అన్నాడు.

అన్న చోటు తమ్ముడికి ఇవ్వడం గౌరవమని శెట్టిగారు అన్నారట. చచ్చిపోయినవాడి పని ఆ ఇంటికే దక్కాలని, బయటివాడికి ఇస్తే మనకు అన్యాయమని. వాడు నిజంగానే గౌరవం అనుకుంటున్నాడు. వద్దంటే అన్నను అవమానించినట్టు చూశాడు.

మార్చి 11

తినలేదు. రుద్దిన పలక రెండు ముక్కలైంది.

మార్చి 12, బుధవారం

శెట్టిగారి దగ్గరికి పోయి వచ్చాను. ఆ చోటు వద్దయ్యా అన్నాను. ఈసారి పేరు పెట్టే అడిగాను.

ఆయన నొచ్చుకున్నారు. కోపం లేదు, నొచ్చుకున్నారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఒక్క చోట నిలపమని నువ్వే అడిగితివి. ఎక్కడనేది మీ దయ అంటివి. మీ ఇంటి మీద అభిమానంతో ఇచ్చినాను. ఇప్పుడు కాదంటే ఎట్లా?"

వాణ్ణి రాళ్ళు మోయనివ్వండి, చీల్చనివ్వండి, ఏదైనా సరే అన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు.

"దీనమ్మా, నీకు ఆట తెలుసంట, మేస్త్రీ చెప్పినాడు. ఒకణ్ణి లేపితే అక్కడ ఖాళీ పడుతుంది గదా. ఖాళీ వదిలిపెట్టి గని నడపలేను. నీ కొడుకు వద్దంటే సరే, వద్దు. మరి ఎవరిని పంపాలో నువ్వే చెప్పు."

ఆయన నా మొహం చూస్తూ ఎదురుచూశారు.

నేను ఎవరి పేరూ చెప్పలేదు. మల్లయ్య వేలు విరిగి ఊరికే కూర్చున్నాడు పాపం అన్నాను. ఇంట్లో గడవడం లేదని వాళ్ళమ్మ ఏడుస్తోంది అన్నాను. అంతే. ఉన్న మాటే.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. తట్ట మోయలేడు గాని అగ్గిపుల్ల గీయడానికి అంత బలమేం అక్కర్లేదు అన్నారు, తనలో తాను అన్నట్టు. నేను లేచి వచ్చేశాను.

మార్చి 13

వాళ్ళ కష్టం చెప్పాను. మందు పని ఇవ్వమని నేను అనలేదు. ఆ మాట అన్నది ఆయన.

మార్చి 14

చిన్నోడు నాతో మాట్లాడటం లేదు. మేస్త్రీ చెప్పాడట. మళ్ళీ బదిలీలోనే ఉండాలి, చోటు వద్దన్నది మీ అమ్మే అని.

"అన్న చోటు నాది. నాకు చెప్పకుండా పోయి పోగొట్టినావు" అన్నాడు పొద్దున. కంచం ముందు నుంచి లేచిపోయాడు.

బతికి ఉన్నాడు కాబట్టి కోప్పడుతున్నాడు. పడనీ.

మార్చి 15

గురవమ్మ కొంగులో బెల్లం తెచ్చింది. మల్లయ్యకు పర్మినెంటు వచ్చిందట. విరిగిన చేత్తో ఏ పని దొరుకుతుందోనని ఏడిస్తే దేవుడు కూర్చోబెట్టి ఇచ్చాడట. శెట్టిగారు తనను పిలిపించి చెప్పారట, మీ కష్టం నా చెవిన వేసింది దీనమ్మే అని కూడా చెప్పారట.

నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. మీవాడికి వచ్చిన చోటు మావాడికి ఇప్పించావు, తోబుట్టువైనా ఇంత చేయదు వదినా అంది. భయం లేదా అని అడిగాను. ఒకసారి జరిగిందని ప్రతిసారీ జరుగుతుందా అంది. అని నాలుక కరుచుకుంది. నా ముందు అనకూడదని.

బెల్లం నోట్లో పెట్టింది. తిన్నాను.

మార్చి 17, సోమవారం

మల్లయ్యకు మొదటి రోజు. నా పీట గని వైపు ఉంటుందని గురవమ్మ తన పని తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. ఈల వేశారు. ఇన్నేళ్ళలో ఆ ఈలకు ఆమె చెయ్యి ఆగడం నేను చూడలేదు. ఇవాళ ఆగింది. చట్రం పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. నా మోకాలు పట్టుకుంది. పేలింది. రేకులు అదిరాయి. కాసేపటికి బండల వెనక నుంచి మల్లయ్య మంచి చెయ్యి ఎత్తి ఊపాడు.

అయిపోయింది గదా వదినా అంది. అయిపోయింది అన్నాను.

సాయంత్రం మల్లయ్య వేలు వాచిపోయింది. వత్తి అంటించి ఉరికేటప్పుడు బండకు తగిలిందట. మణికట్టు దాకా పొంగింది. ఈ చేత్తో గురువారం పోలేనేమో అన్నాడట. పోకపోతే ఏముంది, ఆ ఒక్క రోజుకు బదిలీ మనిషిని పంపుతారులే అని రామసుబ్బయ్య అన్నాడట.

గురవమ్మ ఆ మాట నాకు మామూలుగా చెప్పి పోయింది. ఆ ఒక్క రోజుకు.

మార్చి 18

తెల్లవారకముందే లేచి పసుపు, సున్నం కలిపి వేడి చేసి గురవమ్మ ఇంటికి తీసుకుపోయాను. చింతాకు ఉడకబెట్టి కట్టాను. సాయంత్రం మళ్ళీ పోయి విప్పి కట్టాను. షెడ్డుకు ఆలస్యమైతే మేస్త్రీ కసిరాడు. కసరనీ.

ప్రార్థన చేశాను. పెద్దోడి కోసం కూడా ఇట్లా చేయలేదు. మల్లయ్య వేలు నయం చేయి ప్రభువా అన్నాను. ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఆయనకు తెలుసు.

మార్చి 19, బుధవారం

చిన్నోడు ఇవాళ నాతో మాట్లాడాడు. మల్లయ్య ఇంటికి పొద్దుమాపులు తిరుగుతున్నావంట, పోనీలే అమ్మా, నువ్వు మంచిదానివి అన్నాడు.

వాపు తగ్గింది. గురవమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నన్ను చూస్తోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పాత కట్టు విప్పి, వేలు మెల్లగా వంచి చూశాను. కొంచెం వంగింది. పళ్ళు బిగబట్టుకున్నాడు గాని అమ్మా అనలేదు. మంచి పిల్లవాడు. చిన్నోడి ఈడే.

"రేపు పోగలవా నాయనా?" అని అడిగాను.

"పోతానత్తా" అన్నాడు.

కొత్త గుడ్డ చింపి చుట్టాను. జారిపోకుండా గట్టిగా ముడి వేశాను.